సర్వర్‌లో మెమరీ నిండితే ముందుగా ఏం చూడాలి?

ఇవాళ పరీక్షలో రాని ప్రశ్న ఒకటి తీసుకుందాం. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే మీకు ఎదురయ్యే ప్రశ్న అది. ఒక వ్యాపార సంస్థలో సర్వర్ ఉంది. దాని తెర మీద మెమరీ వినియోగం 96 శాతం అని కనిపిస్తోంది. మీరేం చేస్తారు?

తరగతిలో ఈ ప్రశ్న అడిగితే నాకు రెండు జవాబులు వస్తాయి. ఒకటి, రీస్టార్ట్ చేస్తాం. రెండు, ఇంకొంచెం ర్యామ్ కొనిపిస్తాం. రెండింటితోనూ కొంతకాలం పని జరుగుతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

కొన్నేళ్ల కిందట నా పాత విద్యార్థి ఒకరు ఫోన్ చేశాడు. మందులు టోకున పంపిణీ చేసే ఒక సంస్థలో సర్వర్ బాధ్యత అతనిది. ప్రతి నెలాఖరునా బిల్లింగ్ ఆగిపోతోంది. ఆసుపత్రులకు వెళ్లాల్సిన పెట్టెలు బిల్లు లేక గోదాములో ఉండిపోతున్నాయి. నెలాఖరు కదా, పని ఎక్కువై సర్వర్ తట్టుకోలేకపోతోందని అందరి అభిప్రాయం. ఇతను సరిగా చూసుకోవడం లేదని యజమానుల అభిప్రాయం. మరోసారి ఇలా జరిగితే ఉద్యోగం ఉండదని చెప్పేశారట.

సర్వర్‌లో 32 గిగాబైట్ల ర్యామ్ ఉంది. దాని మీద రెండు ముఖ్యమైన ప్రోగ్రాములు నడుస్తున్నాయి. ఒకటి డేటాబేస్, అంటే ఎస్‌క్యూఎల్ సర్వర్. రెండోది జావాలో రాసిన బిల్లింగ్ ప్రోగ్రాము. మా వాడు 96 శాతం చూసి భయపడి రోజూ రాత్రి డేటాబేస్‌ను ఆపి మళ్లీ మొదలుపెడుతున్నాడు. అంకె వెంటనే 40కి దిగుతుంది, అతనికి నిద్ర పడుతుంది. మర్నాడు ఉదయం మాత్రం మొదటి గంటంతా బిల్లులు నత్తనడక నడుస్తాయి.

ఎందుకో ఆలోచించండి. ర్యామ్ నుంచి ఒక సమాచారం తెచ్చుకోవడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. తిరిగే హార్డ్ డిస్క్ మీద దాన్ని వెతికి తేవడానికి సుమారు 10 మిల్లీసెకన్లు. తేడా లక్ష రెట్లు. అందుకే డేటాబేస్ ఒకసారి డిస్క్ నుంచి తెచ్చిన 8 కిలోబైట్ల పేజీని పారేయదు, మళ్లీ అవసరమవుతుందని ర్యామ్‌లోనే అట్టిపెట్టుకుంటుంది. పెళ్లి వంటవాడు ఉప్పు, పప్పు, నూనె పొయ్యి పక్కనే పెట్టుకున్నట్టు. రాత్రికి అన్నీ సామాన్ల గదిలోకి చేర్చేస్తే గట్టు శుభ్రంగా ఉంటుంది, నిజమే. కానీ పొద్దున్నే టిఫిన్లకు మళ్లీ అన్నీ మోసుకురావాలి.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో గరిష్ఠ మెమరీ అనే అమరిక ఒకటుంది. ఎవరూ మార్చకపోతే అందులో ఉండే విలువ 2,14,74,83,647 మెగాబైట్లు, అంటే హద్దు లేనట్టే. కనుక అది నిండుగా కనబడడం దాని స్వభావం. మనం చేయాల్సింది హద్దు పెట్టడం. ఆపరేటింగ్ సిస్టమ్‌కు 4, బిల్లింగ్ ప్రోగ్రాము హీప్‌కు 6, జావా యంత్రం సొంత ఖర్చుకు 2 గిగాబైట్లు వదిలి, మిగతా 20 డేటాబేస్‌కు ఇచ్చాం. రాత్రి రీస్టార్టులు మానిపించాం. ఉదయపు నత్తనడక పోయింది.

లినక్స్ వాడే వారికి ఒక మాట. అక్కడ ఖాళీగా ఉన్న మెమరీ అంకె దాదాపు ఎప్పుడూ చిన్నదిగానే ఉంటుంది, మిగిలిన చోటును ఫైళ్ల కోసం కెర్నెల్ వాడుకుంటుంది కాబట్టి. చూడాల్సింది ఖాళీ ఎంత అని కాదు, అవసరమైతే అందుబాటులోకి వచ్చేది ఎంత అని. ఆ అంచనాను 2014లో వచ్చిన కెర్నెల్ 3.14 నుంచి నేరుగా చూపిస్తున్నారు. అది పడిపోయి, పేజీలు డిస్క్ మీదికి అటూ ఇటూ తిరగడం మొదలైతే అప్పుడు కంగారు పడండి.

ఉదయం సంగతి తేలింది గానీ నెలాఖరు సంగతి తేలలేదు. రెండో ప్రోగ్రామును చూడాలి.

జావాలో పనికిరాని మెమరీని తీసేసే పనివాడు వేరే ఉంటాడు. ఈ పద్ధతిని 1959 ప్రాంతంలో లిస్ప్ భాష కోసం జాన్ మెకార్తీ రూపొందించాడు. బంతి లేచాక విస్తళ్లు ఎత్తే మనిషి లాంటివాడు ఇతను. అయితే ఎవరైనా రుమాలు వేసి ఆపుకున్న చోటి జోలికి వెళ్లడు. ప్రోగ్రాములో ఏదో ఒక జాబితా ఒక వస్తువును పట్టుకుని ఉందంటే, అది ఇంకా కావాలని అర్థం చేసుకుంటాడు. అందువల్ల జావా మెమరీ రంపపు పళ్లలా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. పంటి కొనను చూసి లాభం లేదు. పూర్తిగా శుభ్రం చేశాక ఎంత మిగిలిందో ఆ అడుగు అంకె చూడాలి.

రోజూ షాపు మూసే వేళ ఆ అంకెను నోటుబుక్కులో రాయమన్నాను. మొదటి రోజు 2 గిగాబైట్లు. మర్నాడు 2.16. ఆ మర్నాడు 2.32. ఎక్కడా వెనక్కి తగ్గలేదు. రోజుకు 160 మెగాబైట్లు. రోజుకు సుమారు 4,000 బిల్లులు కనుక ఒక్కో బిల్లు వెనుక 40 కిలోబైట్లు మిగిలిపోతోందన్నమాట. హీప్‌లో మిగిలిన చోటు 4 గిగాబైట్లు. భాగించండి: 25 రోజులు. ఆదివారాలు సెలవు కనుక క్యాలెండరులో 29 రోజులు. ఒకటో తేదీన మొదలుపెడితే సరిగ్గా నెలాఖరుకు నిండుతుంది! పని ఎక్కువైనందుకు కాదు, ఆగిపోయిన ప్రతిసారీ ఒకటో తేదీన మళ్లీ మొదలుపెడుతున్నందుకు నెలాఖరు వస్తోంది.

లెక్క కుదిరినంత మాత్రాన నిజమైపోదు, ఇంకో సాక్ష్యం కావాలి. పాత రిజిస్టరు తిరగేశాం. ఒకసారి కరెంటు పోయి పదో తేదీన సర్వర్ మళ్లీ మొదలైంది. ఆ నెలాఖరు ప్రశాంతంగా గడిచింది. తరువాతి నెల 8న బిల్లింగ్ ఆగింది. అప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, నెలాఖరు కాదు కదా!

ఇక హీప్‌ను ఫైలుగా తీసి, ఏ రకం వస్తువులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టించాం. అన్నిటికన్నా పైన ముద్రించిన బిల్లులు. బిల్లు మళ్లీ ముద్రించమని ఎవరైనా అడిగితే వెంటనే ఇవ్వడానికి ప్రోగ్రాము రాసినవారు ఒక జాబితా పెట్టారు. చేర్చే వరుస రాశారు, తీసే వరుస రాయలేదు. చివరి 200 బిల్లులే ఉంచి, పాతవి డేటాబేస్ నుంచి తెచ్చుకునేలా మార్పించాం.

ఈలోగా యజమానులు మరో 8 గిగాబైట్ల ర్యామ్ తెప్పించేశారు. దాన్ని బిగించినా హీప్ హద్దు 6 గిగాబైట్లే కనుక తేడా ఉండేది కాదు. హద్దు కూడా పెంచి ఉంటే గండం ఇంకో 50 పనిదినాలు వెనక్కి జరిగేది, అంతే.

ఆ నెల 30న మా వాడు ఫోన్ చేసి అడుగు అంకె చదివాడు: 2.1. నోటుబుక్కు రాయడం ఆపవచ్చా అని అడిగాడు. ఇంకో నెల రాయమన్నాను.