చేతులతో నేర్వవలసిన శాస్త్రము



శాస్త్రవిజ్ఞానము జాతికి బలమని మనమందఱమును ఒప్పుకొనుచున్నాము. ఆ బలము బిడ్డలకు మొదట అలవడవలసిన చోటు పాఠశాల. అక్కడనో, పెక్కుచోట్ల సామగ్రి బీరువాలో తాళమువేయబడి యున్నది. బాలుడు ప్రయోగము చేయడు. ప్రయోగమును గూర్చి వ్రాసిన వాక్యములను వల్లించును. గట్టుమీద కూర్చుండి ఈత నేర్చినవాని చందము!

ఒక నిదర్శనము చెప్పెదము. పళ్లెములో నీరుపోసి, నడుమ వెలుగుచున్న క్రొవ్వొత్తిని నిలిపి, దానిపై గాజుగ్లాసు బోర్లించుడు. దీప మాఱును, నీరు గ్లాసులోని కెక్కును. గాలిలో అయిదవవంతైన ప్రాణవాయువు ఖర్చుకాగా ఆ చోటును నీరు నింపినదని పెక్కు పుస్తకములు చెప్పును. బాలురు అదియే వ్రాసి మార్కులు పొందుదురు. ఆ బాలురచేతనే ప్రయోగమును చేయింపుడు. దీప మాఱిన పిమ్మటనే నీరు విశేషముగా ఎక్కుట వారు కన్నులార చూతురు. ఒక వత్తికి మాఱుగా మూడు నిలిపినచో నీరు మఱింత ఎక్కును. గ్లాసులోని ప్రాణవాయువు మూడింతలు కాలేదుకదా! వేడికి వ్యాకోచించిన గాలి కొంత వెలికిపోవుటయు, మిగిలినది చల్లారి సంకోచించుటయు ముఖ్యకారణములని అప్పుడు బోధపడును. పుస్తకము తప్పును పిల్లలచేతులే దిద్దినవి.

ఇట్టివానికి ధనము చాలదనుట సాకు. ఒక రాతిని 1 మీటరు దారమునకు కట్టి ఊపుడు. పోయివచ్చుట ఒక ఊపుగా లెక్కించిన, 10 ఊపులకు సుమారు 20 సెకనులు పట్టును. దారమును 25 సెంటీమీటర్లకు కుదించిన 10 సెకనులే చాలును. రాతిబరువు మార్చినను కాలము మాఱదు. ఈ నియమమును కనుగొనుటకు రాయి, దారము, గడియారము చాలును.

ఇది ఊహామాత్రము కాదు. మధ్యప్రదేశమున నేడు నర్మదాపుర మనబడు హోషంగాబాదు జిల్లాలో, 1972లో కిశోరభారతియు, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటరును కలిసి 16 మాధ్యమిక పాఠశాలలందు ఈ పద్ధతి నారంభించినవి. 1978లో అది జిల్లా యంతటను వ్యాపించెను. 1982లో స్థాపితమైన ఏకలవ్య సంస్థ పిమ్మట దాని భారము వహించినది. పల్లెపిల్లలు గుంపులుగా కూడి స్వయముగా ప్రయోగములు చేసిరి. పరీక్షలో పుస్తకము తెఱచి చూచుకొన ననుమతి యుండెను. చేతిపనికిని పరీక్ష యుండెను. 2002లో రాష్ట్రప్రభుత్వము దానిని నిలిపివేసినది. బీదతనము ఈ విద్యకు అడ్డు కాదనియు, ప్రజల అండ లేనిచో మంచిపద్ధతియు నిలువదనియు ఈ చరిత్ర తెలుపుచున్నది.

ఉపాధ్యాయులను నిందించి లాభము లేదు. పరీక్ష వల్లెవేతనే కోరుచుండగా వారు బీరువాను ఏల తెఱతురు? బాలుని ప్రశ్నకు “నాకును తెలియదు, చేసి చూతము రమ్ము” అను గురువును గౌరవించుట మనము నేర్వవలెను.

కావున మీకు మా మనవి: మీ బిడ్డను మార్కు లెన్ని వచ్చినవని అడుగుటకు ముందు, ఈ వారము బడిలో చేతులతో ఏమి చేసితివని అడుగుడు. ఆ ప్రశ్న ఇంటింట వినబడిననాడు బీరువాల తాళములు ఊడును.