మొక్కల మధ్య మనశ్శాంతి



ముప్పయ్యారేళ్లు గుమాస్తాగా ఫైళ్ల మధ్య గడిపాను. రిటైరయ్యాక చేతులకు పని పోయింది గానీ మనసుకు విశ్రాంతి రాలేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ, గుండెదడ. పిల్లల నుంచి ఫోను రాకపోతే ఏదో కీడు జరిగిందన్న భయం. డాక్టరుగారు దీన్ని యాంగ్జయిటీ అన్నారు. మందులు రాసి, రోజూ ఏదైనా పని పెట్టుకోమన్నారు.

మన అనకాపల్లిలో 1913 నుంచి చెరకు పరిశోధనా కేంద్రం ఉంది. సేద్యం మనకు కొత్త కాదు. నాకు పొలం లేదు. పెరట్లో నాలుగు తొట్లు, ఒక పందిరి చాలాయి. బచ్చలి, వంగ, చిక్కుడు పెట్టాను. ఆషాఢంలో పెట్టిన చిక్కుడు చలికాలానికి గాని కాయదు. "అర్జెంటు" చీటీ కట్టినా వినదు! కలుపు తీస్తున్నంతసేపు కళ్లూ చేతులూ ఒకచోటే ఉంటాయి. రాబోయే కీడు మీదికి ఆలోచన పోదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకు పందిరి నేలకూలింది. విరిగిన బచ్చలి తీగనే ముక్కలు చేసి నాటాను. చిగురు వేసింది. భయపడింది జరిగినా మళ్లీ మొదలుపెట్టవచ్చన్న ధైర్యం అప్పుడే కలిగింది.

మిత్రులారా, మొక్కలు మందులకు బదులు కావు. నేను మాత్రలు మానలేదు. మోకాళ్ల నొప్పులవారు తొట్లను అరుగు మీద పెట్టుకోండి. షుగరు ఉన్నవారు చెప్పులు లేకుండా మట్టిలో దిగకండి. భయం మరీ ఎక్కువైతే 14416కు ఫోను చెయ్యండి. 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ అది. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

చిక్కుడు గింజలు కావలసినవారు సభ అయ్యాక నన్ను అడగండి. సెలవు.