మడిలో చదువు



వ్యవసాయం చదివిన యువకుడు పొలం వైపు తిరిగి చూడడేమని పల్లె పెద్దలు నన్ను అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే.

1974లో పాండిచ్చేరిలో, తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆధ్వర్యాన, దేశంలో తొలి కృషి విజ్ఞాన కేంద్రం వెలసింది. పట్టా ఇవ్వడం కాదు, పని నేర్పడమే ఈ కేంద్రాల లక్ష్యం. బడి మానినవారికీ ప్రవేశముంది.

విత్తనశుద్ధినే తీసుకొనండి. కోడిగుడ్డు తేలేటంత ఉప్పు కలిపిన నీటిలో వడ్లు పోస్తే తాలు తేలుతుంది, గట్టిగింజ మునుగుతుంది. పుస్తకంలో ఇది ఒక్క వాక్యం. ఆ గింజలను వెంటనే మంచినీట రెండు మూడు మార్లు కడగనివానికి మొలక చెడిన నారుమడే ఆ సంగతి చెబుతుంది. రైతు ఇంట ఇదే జరిగితే అదను దాటిపోతుంది. శిక్షణ క్షేత్రంలో పోయేది దోసెడు విత్తనం.

నేడు ఇటువంటి కేంద్రాలు 700కు పైగా ఉన్నాయి. ఈ సెలవులలో మీకు సమీపాన ఉన్నదానిని చూసి రండి.