డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారు – స్త్రీల ఓటు
(శతాబ్ది ఉత్సవముల స్త్రీల సభలో చేసిన ప్రసంగము)



మేము గురువుగా మొదట వెళ్ళిన పాస్టరేటులో, దాని పేరు చెప్పము, కమిటీ ఎన్నికలకు ఓటర్ల పట్టిక వ్రాశారు. పురుషులందరికీ పేర్లున్నవి. స్త్రీలలో సగము మందికి పేరు లేదు. ‘ఫలానావారి భార్య’, ‘ఫలానావారి తల్లి’ అని ఉన్నది. ఏండ్ల తరబడి సండేస్కూలు నడిపిన అమ్మగారు కూడ ఆ పట్టికలో ఒకరి భార్య మాత్రమే. మేము చూచి కూడ ఊరకున్నాము. ఒక ముసలమ్మ మాత్రము వచ్చి, “అయ్యగారూ, బాప్తిస్మమప్పుడు నాకు పేరు పెట్టినారు గదా, అది యేమాయె?” అని అడిగినది. మా వద్ద జవాబు లేకపోయినది.

ఆ ప్రశ్నే మమ్మును డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారి చరిత్ర చదువునట్లు చేసినది. ఆమె క్రైస్తవురాలు కాదే, మన సభలో ఎందుకని ఒకరిద్దరు అడిగారు. వినిన తరువాత మీరే చెప్పండి.

స్త్రీకి స్త్రీయే వైద్యము చేయవలసిన అవసరము మన ప్రాంతమువారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు మనలో చాలామంది ఉత్తర ఆర్కాటువారమే. పురుష వైద్యుని లోనికి రానీయక, ఒక్క రాత్రిలో ముగ్గురు గర్భిణీ స్త్రీలు కన్నుమూసిన సంగతి, దాని వలన ఐడా స్కడ్డర్ దొరసాని డాక్టరై వేలూరులో 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల పెట్టిన సంగతి మన ఇండ్లలో పిల్లలకు కూడ తెలుసు. ముత్తులక్ష్మి గారు ఇంకొక అడుగు ముందుకు వేశారు. ఆసుపత్రి ఒక్కటే చాలదన్నారు.

ఆమె 1886లో పుదుక్కోట సంస్థానములో పుట్టారు. తండ్రి నారాయణస్వామి అయ్యర్ గారు కళాశాల ప్రిన్సిపాలు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కులములో పుట్టినవారు. ఆడపిల్లలు లేని కళాశాలలో ఒంటరిగా చదివి, 1907లో మద్రాసు వైద్య కళాశాలలో చేరి, 1912లో పట్టము పొందారు. 1914లో డాక్టర్ సుందర రెడ్డి గారిని పెండ్లాడుటకు ముందు, తనను సమానురాలిగా చూడవలెనని, తన ఇష్టమునకు అడ్డు రాకూడదని మాట తీసికొన్నారు. మన పెండ్లి చూపులలో కట్నము మాట వస్తుంది గాని ఇట్టి మాట మేము వినలేదు.

ఇక ఓటు సంగతి. ఆ ఉద్యమపు వేరు ఒకటి మన మదనపల్లెలోనే ఉన్నది. మార్గరెట్ కజిన్స్ అను ఐరిష్ దొరసాని, తన దేశములో స్త్రీల ఓటు కొరకు జైలుకు వెళ్ళినావిడ, 1915లో భర్తతో ఇండియాకు వచ్చి, తరువాత మదనపల్లెకు చేరారు. భర్త అక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో ఉపాధ్యాయులు. ఆమె అక్కడి స్త్రీలను కూర్చి ‘అబలాభివర్ధినీ సమాజము’ పెట్టారు. ఇటువంటి సమాజముల నుండియే 1917లో అడయారులో భారత మహిళా సంఘము పుట్టినది. ఆ ఏడాది డిసెంబరులో సరోజినీ నాయుడు గారి నాయకత్వమున స్త్రీలు మద్రాసులో మాంటేగు దొరను కలిసి ఓటు అడిగారు. 1921 ఏప్రిల్ 1న మద్రాసు శాసనసభ స్త్రీలకు ఓటు ఇచ్చినది. బ్రిటిష్ ఇండియా రాష్ట్రములలో ఇదే మొదటిది. మన శ్రీకాళహస్తిలో పుట్టిన పానగల్ రాజా గారు అప్పటి మంత్రులలో ఒకరు. అయితే ఆస్తి ఉన్న స్త్రీకే ఆ ఓటు. కూలికి పోవు మన తల్లులకు రాలేదు.

ముత్తులక్ష్మి గారు ఆ మహిళా సంఘములో పనిచేశారు. 1926లో ప్యారిస్‌లో జరిగిన స్త్రీల ఓటు హక్కుల అంతర్జాతీయ మహాసభకు వెళ్ళారు. ఆ సంవత్సరాంతముననే మద్రాసు శాసనసభకు నామినేటు చేయబడి, బ్రిటిష్ ఇండియాలో మొదటి శాసనసభ్యురాలై, 1927లో సభకు ఉపాధ్యక్షురాలైనారు. వైద్యము మానుకొనవలెనా అని మొదట వెనుకాడినారట. కాని బాల్యవివాహము చేత చిన్న వయసులోనే తల్లి అయిన పిల్లకు మందు ఇవ్వవచ్చును గాని, మందుతో పెండ్లి వయసు పెరగదు గదా! దేవాలయములకు ఆడబిడ్డలను అంకితము చేయు ఆచారమును మాన్పవలెనని సభలో తీర్మానము తెచ్చారు. సంప్రదాయము పోవునని పెద్ద పెద్ద నాయకులే ఎదిరించారు. తన తల్లి కులమును గూర్చి నలుగురిలో మాట్లాడుట ఎంత కష్టమో ఆలోచించండి. ఆమె ప్రయత్నము వలన 1929 చట్టము ద్వారా ఆ స్త్రీల ఇనాము భూములు సేవ చేయకనే వారికి దక్కినవి. అంకితమునే నిషేధించు చట్టము 1947 వరకు రాలేదు. గాంధీగారి నిర్బంధమునకు నిరసనగా 1930లో ఆమె పదవి వదలినారు. ఏ వసతి గృహమువారు చేర్చుకొనని దేవదాసీ పిల్లలు తమ వాకిట నిలువగా వారిని లోనికి తీసికొన్నారు. అదే అవ్వై హోము. చెల్లెలు క్యాన్సరుతో మరణించగా, ఆ దుఃఖముతో ఎన్నో ఏండ్లు తిరిగి, 1954లో అడయారులో క్యాన్సరు ఆసుపత్రి తెరిపించారు.

మా ముసలమ్మ ప్రశ్నకు జవాబు దొరికినది 1933 సంగతులలో. రాజకుమారి అమృత్ కౌర్, బేగం హమీద్ ఆలీ గార్లతో కూడ ముత్తులక్ష్మి గారు లండనులో పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యమిచ్చారు. భర్తకు ఆస్తి ఉన్నచో భార్యకు ఓటిస్తామని ప్రభుత్వము. భార్య అయినందుకు మాకు ఓటు వద్దు, మనిషి అయినందుకు ఇవ్వండి, వయసు వచ్చిన అందరికీ ఇవ్వండి అని ఈ స్త్రీల సంఘముల వాదము. స్త్రీలకు ప్రత్యేక స్థానములు కూడ వద్దన్నారు. ఈ కడపటి మాటలో మాకు సందేహమున్నది. స్థానము ప్రత్యేకించనిదే మన కమిటీలలో ఒక్క స్త్రీ అయినా కూర్చుండెడిదా? అది వేరే చర్చ. 1935 చట్టములో ప్రభుత్వము తన మాటనే నెగ్గించుకొన్నది.

స్వాతంత్ర్యము వచ్చి, ఆస్తి చూడక అందరికీ ఓటు వచ్చినది. అయినను 1951-52 మొదటి సాధారణ ఎన్నికలలో, ముఖ్యముగా ఉత్తరాదిన, దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు పట్టిక నుండి కొట్టివేయబడినవి. కారణము, వారు తమ పేరు చెప్పక ఫలానావారి భార్యనని, కూతురినని వ్రాయించుకొనుట. ముత్తులక్ష్మి గారు అప్పుడు జీవించియే ఉన్నారు. 1968లో కన్నుమూశారు.

ఇది చదివిన తరువాత మేము మా సెక్రెటరీ గారిని వెంటబెట్టుకొని ఇల్లిల్లు తిరిగి పట్టిక మరల వ్రాశాము. రెండు ఆదివారములు పట్టినది. కొందరు భర్తలు, “ఇదేమి కొత్త, అయ్యగారూ?” అన్నారు. కొందరు అమ్మలు సిగ్గుపడి పేరు కోడలి చేత చెప్పించారు. ఆ ముసలమ్మకు చదువు రాదు. “నా పేరు యేడుందో చూపించు” అన్నది. చూపించినాము. దానిమీద వేలు పెట్టి కొంతసేపు అట్లే నిలిచి, కండ్లద్దాలు తెచ్చుకొననందుకు మనుమడిని తిట్టుకొంటూ వెళ్ళిపోయినది.