మనోరోగుల సేవలో నాకు మిగిలినది
(గుడియాత్తంలో జరిగిన మన పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో పూర్వవిద్యార్థిని, విశ్రాంత నర్సు ఒకరు చేసిన ప్రసంగ పాఠము)

డెబ్బది అయిదేండ్ల పండుగనాడు ఒక నర్సును పిలిచి మాట్లాడుమనడం మీ ఔదార్యం. ఏమి చెప్పమంటారని అడుగగా, "పిచ్చాసుపత్రి ఉద్యోగంలో నీకేమి మిగిలిందో చెప్పవమ్మా" అన్నారు కార్యదర్శిగారు. మా అమ్మ బ్రతికినంత కాలమూ నన్నడిగిన ప్రశ్న కూడా అదే.

వేలూరులో ఐడా స్కడర్ గారు 1909లోనే నర్సుల శిక్షణ ప్రారంభించారు. 1946లో అక్కడ నర్సింగ్ పట్టభద్రుల చదువు మొదలైంది. బస్సెక్కితే చేరగల దూరంలో అంతటి విద్య ఉండడం మన ప్రాంతపు ఆడపిల్లల అదృష్టం. నేనూ ఆ బస్సే ఎక్కాను. అయితే తొలి ఉద్యోగం మాత్రం వేరొక ఊరిలో దొరికింది.

అక్కడ ఒక ఇల్లాలు అన్నంలో విషం కలిపారని రెండు దినాలుగా ఏమీ ముట్టలేదు. నేను కొత్త ఉత్సాహంతో, "విషమూ లేదు, గిషమూ లేదు, తినండమ్మా" అని వాదించాను. ఆమె నన్నుకూడా శత్రువుల జాబితాలో చేర్చుకొన్నది. మరునాడు మా పెద్ద సిస్టరుగారు తొక్క ఒలవని అరటిపండ్లు, పెంకు తీయని ఉడికిన గుడ్లు తెచ్చి ఆమె ముందుంచి, "మీకు చాలా భయంగా ఉన్నట్లున్నది" అని మాత్రం అని ప్రక్కన కూర్చున్నారు. అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆ ఇల్లాలు అరగంట తరువాత తన చేతితోనే ఒక పండు ఒలుచుకొన్నది. పుస్తకంలో చదివి పరీక్షలో వ్రాసిన విషయమే అది. అయినా ఆనాటివరకు నాకు తెలియదు.

తరువాత వేలూరు బాగాయంలోని మానసిక చికిత్సాలయానికి వచ్చాను. 1950వ దశకం నుండీ అక్కడ రోగి వెంట ఇంటివారిని కూడా ఉండనిచ్చే పద్ధతి ఉంది. తల్లియో, భార్యయో, అన్నయో వచ్చి, వండిపెట్టి, మాత్రలు మ్రింగించడం నేర్చుకొని వెళతారు. రోగిని గోడల వెనుక విడిచి వెళ్ళడమే అలవాటైన కాలంలో ఇది చిన్న మార్పు కాదు. మాకు మాత్రం ఒక రోగికి బదులు ఇద్దరు! నిజం చెప్పాలంటే నిద్రలేని తల్లిని ఓదార్చడమే తరచు కష్టం.

ఈ పాఠశాల నాకిచ్చిన తెలుగు అక్కరకు వచ్చింది కూడా అక్కడే. చిత్తూరు నుండి, నెల్లూరు నుండి, ఇంకా దూరం నుండి వచ్చేవారు "మనసు మనసులో లేదమ్మా" అనేవారు. "గుండెల్లో గుబులు", "ఒళ్ళంతా మంటలు", "గాలి సోకింది" అనేవారు. వీటిని తమిళంలోనికి, ఇంగ్లీషులోనికి మార్చి వైద్యులకు చెప్పేటప్పుడు సగం జారిపోయేది. ఒక పెద్దాయన ఎంతకూ నోరు విప్పక, నేను తెలుగులో "ఏ ఊరు నాయనా?" అనగానే భోరున ఏడ్చారు. ఆ రోజు మందు మారలేదు. ఆయన మాత్రం మాట్లాడారు.

నర్సు పని మాటలతోనే తీరదు. లిథియం మాత్రలు వాడేవారికి మన వేలూరు కత్తెర ఎండలు గడ్డుకాలం. చెమటతో ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో మందు మోతాదు మించుతుంది. చేతులు బాగా వణికినా, నడక తూలినా, వాంతులైనా వెంటనే రక్తపరీక్ష కావాలి. కాఫీ లోటా పట్టుకొన్న చేయి చూచి నేను పసిగట్టిన సందర్భాలున్నాయి. వాటిని ఎవరూ ఏ రిజిస్టరులోనూ వ్రాయలేదు. నాకు మాత్రం ఒక్కొక్కటి ఒక్కొక్క పతకం.

2001 ఆగస్టు 6న ఏర్వాడిలో గొలుసులతో కట్టివేసిన రోగులు 25 మందికి పైగా మంటలలో మరణించారు. ఆ దినం వార్డులో ఎవరి ముఖమూ చూడలేకపోయాను. 2017 చట్టం గొలుసులను నిషేధించింది, మత్తుమందు ఇవ్వకుండా కరెంటు చికిత్స చేయరాదన్నది. నేడు ఇంటినుండే 14416కు ఫోను చేసి సలహా పొందవచ్చు. 2022లో ఆరంభమైన ఆ సేవ తెలుగులోనూ ఉంది. ఇక్కడున్న పిల్లలు ఆ అంకె వ్రాసుకోండి.

జీతం సంగతి అడగకండి. మొన్నటి గంగమ్మ శిరసు జాతరలో, కౌండిన్య ఒడ్డున, ఒకాయన బిడ్డను భుజాన ఎత్తుకొని భార్యతో వస్తున్నారు. ఒకప్పుడు మూడు నెలలు మా వార్డులో గోడవైపు తిరిగి పడుకొన్న మనిషి. నన్ను చూచారు, గుర్తుపట్టారు, తల ప్రక్కకు త్రిప్పుకొన్నారు. ఆయన భార్యకు ఆ సంగతులు తెలుసునో లేదో. నేనూ గాజుల అంగడివైపు తిరిగి, అక్కరలేని గాజులకు బేరమాడుతూ నిలుచున్నాను. బిడ్డ బూర ఊదుతున్న చప్పుడు చాలా దూరం వరకు వినబడింది.

సెలవు.