కరవు ఏటి బడ్జెటు

(పట్టణ పఠనమందిరమున చేసిన ఉపన్యాస పాఠము)



పంటలు పండి, బేరములు సాగి, ఖజానా నిండుచున్నంతకాలము బడ్జెటును ఎవరును చదువరు. ఎవరికేమి ఇచ్చిరను మాటయే అప్పుడు వీధిలో వినబడును. ఆదాయము పడిపోయిన యేట ప్రశ్న మారును. ఎవరి చేతినుండి తీసికొందురు? ఎవరికి ఈయవలసినది ఆపుదురు? ఈ రెంటిని ఎవరి సమ్మతితో నిర్ణయింతురు? వకీలు వృత్తిలో ఇరువదియేండ్లు గడపినవాడనగుటచే మూడవ ప్రశ్నయే నన్ను ఎక్కువగా వేధించుచుండును. నేటి నా ప్రసంగము ముఖ్యముగా దానిని గూర్చియే.

మన డెల్టావారు మరువరాని ఉదాహరణముతో ఆరంభించెదను. 1929లో అమెరికాలో పుట్టిన ఆర్థికమాంద్యము మన పల్లెలకు ధాన్యపు ధర రూపమున వచ్చెను. నాలుగైదేండ్లలో ఆ ధర ఇంచుమించు సగమునకు దిగెను. శిస్తు రూపాయలలో కట్టవలసినది గనుక అది దిగలేదు. ఒక పుట్టి అమ్మి కట్టిన శిస్తునకు రెండు పుట్లు అమ్మవలసిన కాలము వచ్చెను. అది చాలదన్నట్లు మద్రాసు ప్రభుత్వమువారు కృష్ణా గోదావరి జిల్లాలలో రీసెటిల్మెంటు పేర రూపాయకు మూడణాలు శిస్తు హెచ్చింప సంకల్పించిరి. మా ముత్తాతగారి కాలపు శిస్తు రశీదులు కొన్ని మా యింటి పెట్టెలో నేటికిని ఉన్నవి. వానిలో ఒకదానికి షావుకారు వ్రాసియిచ్చిన అప్పు చీటీ గుచ్చబడి యున్నది. రెంటిమీదను ఒకే వారపు తేదీలు. శిస్తు కట్టుటకే అప్పు తెచ్చిరన్నమాట.

ఇక పై ప్రభుత్వమువారి సంగతి. 1931 సెప్టెంబరు మాసాంతమున, ఏడాది నడుమ, ఆర్థిక సభ్యుడు సర్ జార్జి షుస్టరు రెండవ బడ్జెటు నొకదానిని సభముందుంచెను. ఆ నెలలోనే ఇంగ్లండు బంగారు ప్రమాణమును విడిచిపెట్టియుండెను. మన రూపాయను మాత్రము పదునెనిమిది పెన్నీల కట్టుగొయ్యకే కట్టియుంచిరి. ఇల్లాండ్ర మెడలలోని బంగారము ఓడలెక్కి విదేశములకు తరలిపోవుట అప్పుడే మొదలయ్యెను. ఆ బడ్జెటున పన్నులపై నూటికి 25 వంతున సర్చార్జి విధించిరి. ఉప్పుపై మణుగుకు రూపాయ నాలుగణాలుగా ఉన్న సుంకము రూపాయ తొమ్మిదణాలయ్యెను. దండి యాత్ర జరిగి అప్పటికి ఏడాదిన్నర. గాంధీ ఇర్విను ఒడంబడిక జరిగి ఏడు మాసములైనను నిండలేదు! అర్ధణా పోస్టుకార్డు ముక్కాలణా అయ్యెను. ఆదాయపు పన్ను పడని పరిమితిని రెండువేల రూపాయలనుండి వేయి రూపాయలకు దించిరి. ఉద్యోగుల జీతములలో నూటికి పది కోసిరి. సైనిక వ్యయమునుగూడ కొంత తగ్గించిరి గాని, అదే సంవత్సరము మార్చిలో కరాచీ కాంగ్రెసు దానిని కనీసము సగము చేయవలెనని కోరిన కోరిక చెవికెక్కలేదు.

ఇంతవరకు ఇది అంకెల కథ. నేను చెప్పదలచినది తరువాతి ఘట్టము. కేంద్ర శాసనసభ ఈ బిల్లునకు సమ్మతింపకపోగా, వైస్రాయి విల్లింగ్డను ప్రభువు తన ధ్రువీకరణాధికారముచే దానిని చట్టముగా చేసెను. సభ కాదన్నది, దొర ఔనన్నాడు, పన్ను వసూలైనది. అది పరాయి దొరతనము. 1919 నాటి చట్టములోనే వారు ఆ దొడ్డితలుపు పెట్టుకొని యుండిరి. దాచినదేమియు లేదు. స్వరాజ్యము కోరినవారి వాదములో సగభాగము ఈ తలుపు మీదిదే.

దీని ప్రక్కన మరియొక చిత్రమును పెట్టి చూడుడు. 1937లో మద్రాసున రాజగోపాలాచారిగారి మంత్రివర్గము వచ్చెను. ఆర్థికశాఖయు ఆయన చేతనే ఉండెను. మంత్రుల జీతము నెలకు 500 రూపాయలు. ధరలు ఇంకను కోలుకొనలేదు. రైతుల అప్పులు నోట్లలో వడ్డీపై వడ్డీగా పెరుగుచునే యుండెను. 1938 నాటి రైతు ఋణ సహాయపు చట్టము, 1932 అక్టోబరు 1వ తేదీకి పూర్వపు అప్పులపై 1937 అక్టోబరు 1వ తేదీనాటికి నిలిచియున్న వడ్డీని కొట్టివైచెను. మద్యనిషేధమును మొదట సేలములో పెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు వ్యాపింపజేసిరి. పోయిన కల్లు సారాయి ఆదాయమునకు బదులుగా 1939లో అమ్మకపు పన్ను తెచ్చిరి. వీనిలో దేనితోనైనను మీరు ఏకీభవింపనక్కరలేదు. అమ్మకపు పన్ను తుదకు కొనువాని నెత్తిననే పడునని నా యభిప్రాయము. కాని మూడును సభలో వాదనకు వచ్చినవి. షావుకార్లు మొఱపెట్టిరి, వర్తకులు ఆగ్రహించిరి, ముఖ్యమంత్రి లేచి వారికి సమాధానము చెప్పవలసివచ్చెను. భారమును ఎవరిపై మోపుచున్నారో పేరుపెట్టి చెప్పి మోపిరి. మాంద్యకాలపు రాజనీతికి ఇంతకంటె గొప్ప గుణమును నేనెరుగను.

ఇక మన కాలమునకు వత్తము. 2020 మార్చి 25వ తేదీన దేశమంతయు తలుపులు మూసికొనెను. తరువాతి మూడు మాసములలో దేశోత్పత్తి, ముందటి యేటి అదే కాలముతో పోల్చగా, సుమారు నాలుగవవంతు తరిగిపోయెను. కోర్టులు మూతవడగా మా గుమస్తాలు స్వగ్రామములకు పోయిరి. జూనియర్లలో ఒకరిద్దరు కూరగాయల బండ్లు పెట్టిరి. అట్టివేళ ప్రభుత్వములకు సొమ్ము లేదనుట బొంకు కాదు. జీఎస్టీ చట్టము ప్రకారము రాష్ట్రములకు ఏటేట 14 శాతము వృద్ధి చొప్పున నష్టపరిహారమీయవలసిన కేంద్రము, ఆ యేడు ఇది దైవఘటన యనెను. రాష్ట్రములు గోల పెట్టిన పిమ్మట తానే 1 లక్షా 10 వేల కోట్లు అప్పుతెచ్చి వారికి అప్పుగానే ఇచ్చెను. ఉపాధి హామీ పథకమునకు మొదట కేటాయించిన 61,500 కోట్లకు మరి 40 వేల కోట్లు చేర్చిరి. తలకు అయిదు కిలోల ధాన్యము ఉచితముగా ఇచ్చిరి. మంచిని మంచి యనవలెను.

అయితే ఆ సొమ్ము వచ్చిన దారిని గూడ చూడుడు. ముడిచమురు ధర ప్రపంచమంతట కూలియుండగా, ఆ తగ్గుదల కొనువానికి చేరకముందే కేంద్రమువారు 2020 మార్చిలోను మేలోను సుంకములు పెంచిరి. పెట్రోలుపై లీటరుకు 19 రూపాయల 98 పైసలుగా ఉన్న కేంద్ర సుంకము 32 రూపాయల 98 పైసలయ్యెను. డీజిలుపై పెంపు అంతకంటె అధికము. అది ట్రాక్టరునకు, లారీకి, నీటిమోటారునకు పోయు చమురు. మేలో పెంచిన భాగమంతయు సెస్సు, ప్రత్యేక అదనపు సుంకము అను పేర్లతో వచ్చెను. ఆ పేర్లతో వచ్చిన సొమ్ములో రాష్ట్రములకు వాటా లేదు. 2021 నవంబరులోను, 2022 మేలోను దీనిని కొంత తగ్గించిరి. 1931 నాటి ఉప్పును ఎరిగినవారికి ఇది క్రొత్తగా తోచదు. ఎల్లరును కొనునది, కొనక తప్పనిది, తూముకడనే వసూలగునది ఎక్కడనున్నదో ఖజానా అధికారికి ఏ దొరతనములోనైనను ముందుగా తెలియును. మన రాష్ట్రమునందు మే మొదటివారమున, బడులకంటె ముందుగా, మద్యపు దుకాణములు తెరచి ధరలను 75 శాతము పెంచిరి. 1938లో కడప చిత్తూరు జిల్లాలవారు ఏ ఆదాయమును వదలుకొనిరో దానికొరకే 2020లో బారులు తీర్పించిరి.

పింఛన్ల సంగతి ఇంతకంటె నన్ను బాధించినది. 2020 మార్చి మాసాంతమున ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు రెండును జీతములలోను పింఛన్లలోను సగము వరకు నిలిపివేయుచు ఉత్తరువులు చేసెను. ఏప్రిలులో, చిన్ననాట నాకు లెక్కలు చెప్పిన మాస్టారు ఫోను చేసి అడిగిన ప్రశ్న నాకు నేటికిని జ్ఞాపకమున్నది: “అబ్బాయీ, నా పింఛను కోసినట్లా, ఆపినట్లా? కోస్తే తీసివేత, ఆపితే బాకీ. ఏ లెక్క వేసుకోమంటావు?” ఉత్తరువును ముందుంచుకొని చదివితిని. వాయిదా అని యున్నది, ఎన్నాళ్లకో లేదు. గడువులేని వాయిదాను మా న్యాయశాస్త్రములో ఏమందురో చెప్పితిని గాని, మందుల దుకాణమువానికి ఆ శాస్త్రముతో పనియేమి?

ఈ ఉత్తరువులకు చట్టాధారమేమి? మన రాజ్యాంగమున 360వ అధికరణ మొకటి కలదు. ఆర్థికస్థితి విపత్తులో పడినప్పుడు రాష్ట్రపతి ఆర్థికాత్యయిక స్థితిని ప్రకటింపవచ్చును. అప్పుడు ఉద్యోగుల జీతములు, తుదకు న్యాయమూర్తుల జీతములు సైతము, తగ్గించుటకు ఆదేశములీయవచ్చును. ఆ ప్రకటన రెండు మాసములలో పార్లమెంటు ఆమోదము పొందవలెను. అనగా కష్టకాలమున జీతముపై చేయివేయుటకు రాజ్యాంగకర్తలు ఒక రాజమార్గమును వేసియుంచిరి. ఆ మార్గమున కావలివానిగా సభను నిలిపిరి. నేటివరకు ఆ అధికరణమును ఎవరును ప్రయోగింపలేదు. 2020లో పని జరిగినది జీవోతో. ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము ఆ యేడు ఆగస్టులో నిలిపిన సొమ్మును 12 శాతము వడ్డీతో చెల్లింపుమనెను. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతమునకు తగ్గించినను, చేసిన సేవకు జీతము పొందుట ఉద్యోగి హక్కని స్పష్టము చేసెను. తెలంగాణమున, ఏ చట్టము క్రింద కోసితిరని ఉన్నత న్యాయస్థానము అడిగిన పిమ్మట, జూన్ మాసమున ఆర్డినెన్సు వచ్చెను. ముందు కోత, వెనుక చట్టము!

ఇప్పుడు నా మూడవ ప్రశ్నకు వచ్చితిని. ఆ యేడు మన శాసనసభ ఏమి చేయుచుండెను? 2020 మార్చిలో మూడు నెలల వ్యయమునకు ఆర్డినెన్సు జారీయయ్యెను. జూనులో రెండు దినముల సమావేశమున 2 లక్షల 24 వేల కోట్ల బడ్జెటు సభ దాటెను. శాసనమండలిలో ద్రవ్యవినియోగ బిల్లు తేలకయే సభ వాయిదా పడెను. 14 దినములు గడచిన మీదట ఆమోదము పొందినట్లే భావింపబడునను 198వ అధికరణపు నియమముచే అది గట్టెక్కెను. ఈ లోపల జూలై మొదట ఇచ్చు జీతములు ఆలస్యమయ్యెను. 2021లో మరల మూడు నెలలకు ఆర్డినెన్సు. మే 20వ తేదీన ఒక్కదినపు సమావేశము. మహమ్మారి భయము నిజమేగదా యనవచ్చును. మంచిది. 2024లో మహమ్మారి లేదు. ప్రభుత్వము మారెను, అయినను ఆగస్టు మొదలు నాలుగు నెలల వ్యయమునకు ఆర్డినెన్సే వచ్చెను. పూర్తి బడ్జెటు నవంబరులో గాని సభకు రాలేదు. ఆనాడు ఆక్షేపించినవారు ఈనాడు సమర్థించిరి. ఆనాడు సమర్థించినవారు ఈనాడు ఆక్షేపించిరి. ఈ విషయమున ఏ పక్షమువారు చెప్పు నీతులను నేను ఆలకింపను.

కొందరు మిత్రులు నాతో వాదింతురు: “ఇల్లు కాలుచుండగా సభ తీర్చి చర్చింతురా? రాష్ట్రము నోట్లు ముద్రింపజాలదు, అప్పునకు పరిమితియున్నది, పరిమితిని 3 నుండి 5 శాతమునకు పెంచినను కేంద్రము షరతులు పెట్టెను. మంత్రి ఏమి చేయును?” ఇందులో సత్యమున్నది. నేను మంత్రినైనను ఆ మార్చిలో ఏదో ఒకటి ఆపకతప్పదు. కాని ఏది ఆపవలెనను తగవు అప్పుడే గదా నిజమైన తగవు! గుత్తేదారు బిల్లా, పింఛనా? ప్రకటనల ఖర్చా, ఆసుపత్రి మందులా? సొమ్ము సమృద్ధిగా ఉన్న యేట ఈ చర్చ లేకున్నను కొంత సహింపవచ్చును. అప్పుడు చెడినది తరువాత దిద్దుకొనవచ్చును. కరవు ఏట ఒకరికిచ్చిన రూపాయ మరియొకరి విస్తరినుండి తీసినదే. ఆ తీయుటకు సాక్షులుండవలెను. 1931లో ఢిల్లీ సభ ఓడిపోయినను వాదించి ఓడిపోయెను. ఎవరేమన్నారో నేటికిని చదువుకొనవచ్చును. 2021 నాటి ఒక్కదినపు సభనుండి మన మనుమలు ఏమి చదువుకొందురు?

శాసనసభను మనము ఇక్కడ కూర్చుండి నడపజాలము. మన చేతనగు పని యొకటి కలదు. గ్రంథాలయోద్యమమున పనిచేయువాడనుగా నాకు మిగుల ఎరుకైన పద్దు నొకదానిని చెప్పెదను. 1960 నాటి గ్రంథాలయముల చట్టము క్రింద మీరు కట్టు ఇంటిపన్నుపై రూపాయకు ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలగును. పురపాలక సంఘము వసూలుచేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు చెల్లింపవలెను. రాబడి తగ్గిన యేట అనేకచోట్ల ఆ సొమ్ము సంఘము ఖజానాలోనే నిలిచిపోవును. ఇచ్చట పత్రికల సంఖ్య తగ్గినప్పుడు దాతలు లేరని మీరనుకొందురు. దాత మీరే, ఇచ్చినది మీరే, చేరనిది మాత్రము ఇచ్చటికి.

కార్యదర్శిగారి అనుమతిపై ఒక యేర్పాటు చేసితిని. ఈ సంవత్సరపు రాష్ట్ర బడ్జెటు గ్రంథములను, మన పురపాలక సంఘపు ఆయవ్యయ పట్టికను తెప్పించి ఈ బల్లపై ఉంచెదము. వచ్చు ఆదివారము మొదలు ప్రతి ఆదివారము ఉదయము పదిగంటలకు, ఒక్కొక్క శాఖ పద్దును పెద్దగా చదువుకొందము. మాస్టారు వచ్చి కూడికలు సరిచూచెదమని మాట ఇచ్చిరి. మీ ఇంటిపన్ను రశీదులు వెంటతెండు. మొదటి ఆదివారము గ్రంథాలయ సెస్సు లెక్క తీసెదము.