పుట్టింటి గడప



నేను పండితుడను గాను. మా యింటి కరణీకము 1984లో రద్దయినది. నేను ఊరి సహకార సంఘమున లెక్కలు వ్రాయుచు, తీరిక వేళల ఈ గ్రంథాలయమందలి ప్రాచీన గ్రంథములు చదువుకొన్నవాడను. 13వ శతాబ్దమున కేతన మహాకవి మితాక్షరను విజ్ఞానేశ్వరీయముగా తెనిగించెను. ధర్మశాస్త్రము తెలుగువారికి తెలుగులో అందవలెనని ఆ మహానుభావుని తలంపు. నేనో, తెలుగులో వ్రాసిన దస్తావేజునే నా తోడబుట్టిన అక్కకు చదివి వినిపింపనైతిని. ఆ సంగతియే నేడు మనవి చేయుదును.

1999లో మా తండ్రిగారు వీలునామా వ్రాయకయే కాలము చేసిరి. తాతలనాటి యింటిపై హక్కు విడుదల దస్తావేజును అక్కచేత వ్రాయించి రిజిస్టరు చేయించితిమి. చిత్తు వ్రాసినవాడను నేనే. "ఇందులో ఏమున్నదిరా?" అని ఆమె అడిగినది. "వట్టి కాగితమే, అక్కా" అంటిని. పసుపు కుంకుమలు, ఒక చీర పెట్టి సాగనంపితిమి.

అది వట్టి కాగితము కాదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము తండ్రి పాలిలో కుమార్తెకు భాగమిచ్చినది. అయితే కుటుంబము కాపురమున్న యింటిని మగవారు పంచుకొనువరకు ఆమె పంచుమని అడుగరాదు. 1985 సెప్టెంబరు 5 నుండి మన రాష్ట్రమున కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో సమభాగము వచ్చినను, అంతకు ముందే వివాహమైనవారికి అది వర్తింపలేదు. మా అక్క వివాహము 1983లో జరిగినది. 2005 సెప్టెంబరు 9 నుండి ఈ రెండు అడ్డంకులును తొలగినవి. ఆ దినమునకు తండ్రి జీవించి యుండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కాని 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకములను, హక్కు బదలాయింపులను ఆ చట్టము కదలింపదు. కనుక నా చేతివ్రాత నిలిచినది. అక్క హక్కు పోయినది.

బావగారు గతించిన పిమ్మట అక్క ఒకనాడు మా యింటికి వచ్చి, గడప వెలుపలనే నిలిచి, "లోపలికి రావచ్చునా?" అని అడిగినది. తాను పుట్టిన యిల్లది! నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

గత సంవత్సరము నా వంతునకు వచ్చిన వీధి గదిని ఆమె పేర దాన సెటిల్మెంటు వ్రాసి రిజిస్టరు చేయించితిని. ఈసారి ప్రతి పంక్తియు చదివి వినిపించితిని. "అప్పుడే చదివియుంటే బాగుండెడిదిరా" అని మాత్రము అన్నది.

తెలిసి వదలుకొనుట ఆడపడుచు ఔదార్యము. తెలియనీయక వదలించుట మన దోషము. ఎవరైనను సంతకమునకు ముందు కాగితము తీసికొని ఈ గ్రంథాలయమునకు రండు. ప్రతి ఆదివారము నేను చదివి చెప్పెదను.